ఆటలో మీ పేరు మీ గురించి ఏం చెబుతోంది? గేమింగ్ ప్రొఫైల్‌ను సరిచేసుకునే పద్ధతి

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండే మా అక్క కొడుకు పదో తరగతి చదువుతున్నాడు. కిందటి వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం వాడు బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ ఆట ఆడుతుండగా, ముక్కూ మొహం తెలియని ఒక వ్యక్తి వాయిస్‌లోకి వచ్చి, వాణ్ణి అసలు పేరుతో పిలిచి, ‘నువ్వు మా కాలనీ వాడివే కదా, నేను మీ స్కూల్ సీనియర్‌ని’ అని మాట కలిపి, ఆటలో డబ్బులా వాడే యూసీని ఉచితంగా వేయిస్తానంటూ ఒక లింకు పంపాడు. వాడు ఆ లింకులో ఫోన్ నంబరు కొట్టి, ఓటీపీ కూడా కొట్టబోతుండగా అక్క చూసి ఫోన్ లాక్కోవడం వల్ల అకౌంటు దక్కింది. అంత దూరపు మనిషికి ఇన్ని వివరాలు ఎలా తెలిశాయని ఇంటిల్లిపాదీ కంగారు పడ్డారు. నేను వెళ్ళి ప్రొఫైల్ తెరిచి చూస్తే సమాధానం అక్కడే ఉంది. ఆటలో పెట్టుకున్న పేరులో వాడి అసలు పేరు, పుట్టిన సంవత్సరంలోని చివరి రెండు అంకెలు, వాటి పక్కన కేపీహెచ్‌బీ అనే నాలుగు అక్షరాలు ఉన్నాయి. చేరిన క్లాన్‌కు, అంటే ఆటలోని బృందానికి, వాళ్ళ బడి పేరే పెట్టారు. ఇంటి ముందు నేమ్ ప్లేట్ తగిలించినట్టు వాడే అన్నీ రాసి పెట్టుకున్నాడు.

ఆ రాత్రి వాడూ నేనూ కూర్చుని ప్రొఫైల్‌ను మొదటి నుంచి సరిచేసిన క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను. గేమింగ్ ప్రొఫైల్‌లో మూడు రకాల సమాచారం కలగలిసి ఉంటుంది. మిమ్మల్ని నలుగురూ ఏమని పిలవాలని మీరు కోరుకుంటున్నారో చెప్పే ముద్ర ఒకటి, మీరు నిజంగా ఏం ఆడారో ఎంత ఆడారో చెప్పే లెక్క రెండవది, మీరు ఎవరో ఎక్కడుంటారో చెప్పే ఆనవాళ్ళు మూడవది. ముద్రకూ లెక్కకూ పొంతన ఉండాలి, ఆనవాళ్ళు బయటపడకూడదు. మిగిలిన పనంతా ఈ రెండు వాక్యాల్లోంచే వస్తుంది.

అన్నిటికంటే ముందు మీ ప్రొఫైల్‌ను పరాయివాడి కళ్ళతో చూడండి. కంప్యూటర్ ఆటలు దొరికే స్టీమ్ అయితే మీ ప్రొఫైల్ లింకును కాపీ చేసుకుని, లాగిన్ లేకుండా బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. మొబైల్ ఆట అయితే మీ ఫ్రెండ్ లిస్టులో లేని ఒకరికి మీ ఐడీ నంబరు ఇచ్చి, వెతికి వచ్చినదంతా స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. తరువాత ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆ తెరను మాత్రమే చూసిన మనిషి మీ గురించి ఏమేం రాయగలడో రాయండి: వయసు, ఊరు, బడి లేదా ఆఫీసు, ఏ వేళల్లో మేలుకుని ఉంటారు, ఎవరితో ఆడతారు, ఎంత ఖర్చు పెడతారు. మా వాడి కాగితం మీద పదకొండు పంక్తులు వచ్చాయి. పది నిమిషాల ఈ పనిని దయచేసి దాటవేయకండి. ఏది మార్చాలో తెలిసేది ఇక్కడే.

ఇక ముద్రల సంగతి. మన హైదరాబాద్ కుర్రాళ్ళ మాటల్లో వినిపించేవి కొన్నే: ఆట రాని నూబ్, ఆరితేరిన ప్రో, సరదాగా ఆడే క్యాజువల్, పట్టుదలగా ఆడే హార్డ్‌కోర్, ప్రతి మ్యాచూ ప్రాణం మీదికి తెచ్చుకుని ఆడేవాడికి పెట్టే స్వెట్, కొత్తవాళ్ళను కొట్టడానికి కింది ర్యాంకులో ఇంకో అకౌంటు తెరిచేవాడికి పెట్టే స్మర్ఫ్. స్క్వాడ్‌లోని, అంటే కలిసి ఆడే జట్టులోని, బాధ్యతను బట్టి వచ్చే ముద్రలు వేరు: మ్యాచ్ నడిపించే ఐజీఎల్, ముందుకు దూకే అసాల్టర్, దూరం నుంచి కాసే స్నైపర్, మందులూ పొగా పట్టుకుని వెనక నిలబడే సపోర్ట్. నా ఉద్దేశంలో రెండవ వరుసలోని మాటలే ప్రొఫైల్‌లో రాసుకోదగినవి, ఎందుకంటే అవి ఎదుటివాడికి ఉపయోగపడే సమాచారం. ‘ప్రో’ అనే మాట మన గురించి ఇతరులు అనవలసినది. ‘సపోర్ట్ ఆడతాను, రాత్రి తొమ్మిది తరువాత దొరుకుతాను’ అనేది మనం చెప్పవలసినది.

మీరు ఏ రకం ఆటగాడో మీకే స్పష్టంగా తెలియకపోతే ఒక పాత కొలమానం ఇప్పటికీ పనికొస్తుంది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో మొదలైన మడ్ అనే, బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే కంప్యూటర్ ఆటను తీర్చిదిద్దిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్ళను పేకముక్కల్లోని నాలుగు రంగులతో పోల్చి వర్గీకరించాడు. డైమన్ అంటే పాయింట్లు, పతకాలు కూడబెట్టేవారు. ఇస్పేటును ఇంగ్లీషులో పిలిచే మాటకు పార అనే అర్థం కూడా ఉంది కాబట్టి, ఆటలోని మూలమూలలూ తవ్వి చూసేవారు ఇస్పేట్లు. హృదయం గుర్తున్న ఆఠీన్లు కబుర్ల కోసం, స్నేహం కోసం వచ్చేవారు. కళావరుకు ఇంగ్లీషులో దుడ్డుకర్ర అనే అర్థం ఉంది. ఎదుటివాణ్ణి ఓడించడంలోనే ఆనందం చూసేవారు కళావర్లు. ఎవరూ పూర్తిగా ఒకే రంగు కారు. అయినా గత నెల రోజుల్లో మీరు బాగా సంతోషపడిన మూడు సందర్భాలు గుర్తు చేసుకుంటే ఏ రంగు పాలు ఎక్కువో తేలిపోతుంది. మా వాడు తనను కళావర్ అనుకున్నాడు. గుర్తు చేసుకున్న మూడింటిలో రెండు, పడిపోయిన స్నేహితుణ్ణి లేపి సురక్షితమైన జోన్‌లోకి తీసుకొచ్చిన సందర్భాలు. అప్పటిదాకా వాడి బయోలో, అంటే ప్రొఫైల్‌లోని చిన్న పరిచయంలో, ‘ఒంటరి వేటగాడు’ అనే అర్థం వచ్చే వాక్యం ఉండేది. దాన్ని చూసి స్క్వాడ్‌లోకి పిలిచేవాళ్ళు తక్కువ ఎందుకయ్యారో వాడికే అర్థమయింది.

పేరు విషయానికి వస్తే కొంత చరిత్ర చెప్పాలి. రెండు వేల తొలి సంవత్సరాల్లో దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన మా తరానికి, పేరంటే ఆ గంట సేపు కంప్యూటర్‌లో కొట్టుకునే నాలుగు అక్షరాలు. లేచి బయటికి వస్తే ఆ పేరు అక్కడే పోయేది. మరుసటి రోజు ఇంకో కుర్చీ, ఇంకో పేరు. ఇవాళ పేరు వెంట లెక్క నడుస్తుంది. 2002లో మొదలైన ఎక్స్‌బాక్స్ లైవ్‌లో ఆటగాడి పేరుకు గేమర్‌ట్యాగ్ అనే మాట స్థిరపడింది, 2005లో ఎక్స్‌బాక్స్ 360తో గేమర్‌స్కోర్ వచ్చి ఆ పేరుకు ఒక అంకె తోడయింది, 2008లో ప్లేస్టేషన్ ట్రోఫీలు మొదలయ్యాయి. ప్లేస్టేషన్‌లో ఆన్‌లైన్ ఐడీ మార్చుకునే వీలు 2019 దాకా లేదు కాబట్టి, పద్నాలుగేళ్ళ వయసులో సరదాగా పెట్టుకున్న పేరును పెద్దయ్యాక కూడా మోసినవారు ఎందరో. పేరు ఎంపికలో తొందరపడవద్దని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మంచి పేరుకు నేను పెట్టే పరీక్ష ఒకటే: మ్యాచ్ మధ్యలో, ఎదుట శత్రువు కనిపించిన అరక్షణంలో, తోటి ఆటగాడు ఆ పేరును నోటితో పిలవగలగాలి. రెండు మూడు అక్షరాల తెలుగు మాటలు ఈ పరీక్షలో చక్కగా నెగ్గుతాయి: పిడుగు, కాకి, చురుకు, గవ్వ, ముంత. పేరుకు అటూ ఇటూ రెక్కలు, కిరీటాలు, వంకర అక్షరాలు తగిలిస్తే చూపుకు బాగుండవచ్చు గానీ, మిమ్మల్ని వెతకాలనుకున్న స్నేహితుడు వాటిని కీబోర్డులో కొట్టలేడు, పిలవాలనుకున్నవాడు పలకలేడు. ఛానెల్ లేకపోయినా పేరు చివర యూట్యూబ్‌కు గుర్తుగా ‘వైటీ’ అని, ఆట సాదాసీదాగా ఉన్నా తిరుగులేనివాడన్నట్టు ‘ఓపీ’ అని తోక తగిలించుకోవడం కూడా చూస్తుంటాం. తోక మాట నిజం కానప్పుడు రెండో మ్యాచ్‌లోనే తేలిపోతుంది, ఆ తరువాత ఆ పేరు వినగానే ఎదుటివారికి గుర్తొచ్చేది తోకే.

పేరులో ఉండకూడనివి మాత్రం గట్టిగా చెప్పాలి. పుట్టిన సంవత్సరం వద్దు. చివరి రెండు అంకెలు చాలు, మీరు మైనరో కాదో ఎవరైనా లెక్క కట్టేస్తారు. ఫోన్ నంబరులోని అంకెలు, బడి లేదా కళాశాల పేరు, కాలనీ పేరు వద్దు. మన నగరంలో ప్రత్యేకంగా కనిపించే అలవాటు మరొకటి ఉంది: బండి నంబరులోని ఆర్టీవో కోడును పేరు పక్కన పెట్టుకోవడం. టీఎస్ 10 అంటే సికింద్రాబాద్, 11 అంటే మలక్‌పేట, 08 అంటే మేడ్చల్ వైపు అని ఇక్కడివారందరికీ తెలుసు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చినా ఆ అంకెల అర్థం మారలేదు. సొంత పేట మీద మమకారం నాకూ ఉంది. కానీ ఇంత పెద్ద ఊళ్ళో మిమ్మల్ని వెతకడానికీ, నాలుగు వీధుల పేటలో వెతకడానికీ తేడా ఉంది. కులాన్ని సూచించే తోకలు, హీరోల అభిమాన సంఘాల పేర్లు కూడా తీసేయమనే నా సలహా. అవి మ్యాచ్‌కు ముందు అందరూ చేరే లాబీలో అడుగు పెట్టకముందే సగం మందిని మీకు ఎదురు నిలబెడతాయి, ఆట మొదలయ్యేలోపే తిట్లు మొదలవుతాయి.

అమ్మాయిలకు ఈ ఎంపిక మరింత బరువైనది. సికింద్రాబాద్‌లో ఉండే మా బాబాయి కూతురు వాలరెంట్ అనే షూటింగ్ ఆట ఆడుతుంది. ఆడపిల్ల పేరు కనిపించినా, మైకులో గొంతు వినిపించినా ఆటతో సంబంధం లేని మాటలు మొదలవుతాయని, చాలాకాలం ఎవరిదో తెలియని పేరుతో, మైకు మూసుకుని ఆడింది. తప్పు ఆమెది కాదు, దిద్దుకోవలసింది ఎదుటివారు. అయినా అప్పటిదాకా తనను కాపాడుకునే మార్గం ఆమెకు కావాలి. ఇప్పుడు ఆమె పాటించే పద్ధతి నాకు సబబుగా తోస్తుంది: తెలియనివారితో ఆడేటప్పుడు లింగం తెలియని పేరు, కేవలం పింగ్‌లతో, అంటే మ్యాప్ మీద పెట్టే గుర్తులతో, సంభాషణ, తెలిసిన అయిదుగురితో ఆడేటప్పుడు మైకు, అసలు మాట. ఎవరైనా హద్దు దాటితే వాదించకుండా మ్యూట్ చేసి, మ్యాచ్ అయిన వెంటనే రిపోర్ట్ చేస్తుంది.

ఇప్పుడు లెక్క దగ్గరికి వద్దాం, ఎందుకంటే చాలామంది పేరు మార్చి పని అయిపోయిందనుకుంటారు. స్టీమ్ ప్రొఫైల్‌లో పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే మీరు ఇంతకుముందు వాడిన పేర్లు కనిపిస్తాయి. ఆ జాబితాను తుడిచేసే వీలూ అక్కడే ఉంది, ముందు ఆ పని చేయండి. పేరు ఎన్నిసార్లు మార్చినా అకౌంటు వెనక ఉండే 17 అంకెల స్టీమ్ ఐడీ మారదని కూడా గుర్తుంచుకోండి. 2018 ఏప్రిల్‌లో స్టీమ్ తన గోప్యతా సెట్టింగులను మార్చి, ఏ ఆటలున్నాయో, ఎంతసేపు ఆడారో చెప్పే వివరాలను మామూలుగా దాచి ఉంచే పద్ధతి పెట్టింది. మీ ప్రొఫైల్‌ను సవరించే పేజీలోని ప్రైవసీ విభాగంలో ప్రొఫైల్, ఆటల వివరాలు, ఫ్రెండ్ లిస్ట్, ఇన్వెంటరీ (మీ దగ్గరున్న ఆట వస్తువులు) అనే వాటికి విడివిడిగా అందరికీ, స్నేహితులకు, నాకు మాత్రమే అనే ఎంపికలు ఉంటాయి. ఫ్రెండ్ లిస్టును, ఇన్వెంటరీని స్నేహితులకే పరిమితం చేయండి. ఖరీదైన స్కిన్లు (ఆయుధాలకు, పాత్రలకు వేసే అలంకరణలు) ఎవరి దగ్గర ఉన్నాయో వెతికి వలవేసేవారు చూసేది ఇన్వెంటరీనే.

ఇక్కడ ఒక చిన్న సంగతిని దగ్గరగా చూపిస్తాను. స్టీమ్ అచీవ్‌మెంట్ల పేజీలో గానీ, ప్లేస్టేషన్ ట్రోఫీల జాబితాలో గానీ ప్రతి పతకం కింద అది వచ్చిన తేదీ, సమయం ఉంటాయి. పది పతకాల తేదీలను వరుసగా చదివితే ఒక మనిషి దినచర్య బయటపడుతుంది. మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు ఒకటి, బుధవారం తెల్లవారుజామున 2:40కి ఒకటి, దసరా సెలవుల్లో రోజుకు నాలుగు, ఆ తరువాత ఇంటర్ పరీక్షల నెలంతా ఖాళీ. ఆ మనిషి విద్యార్థి అనీ, ఏ వారం ఊరెళ్ళాడనీ, ఏ వేళ ఇంట్లో పెద్దలు నిద్రపోతారనీ చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది: గచ్చిబౌలిలో షిఫ్టులో ఉండవలసిన వేళ వచ్చిన పతకం తోటి ఉద్యోగుల్లో ఎవరి ఫ్రెండ్ లిస్టులోనైనా మెరుస్తుంది. కాబట్టి ఆటల వివరాలు స్నేహితులకు మాత్రమే కనిపించేలా పెట్టి, ఆ స్నేహితుల జాబితాలో పేరు చూసి మనిషిని గుర్తుపట్టలేని వారినందరినీ తొలగించండి.

ఆటగాళ్ళు మాట్లాడుకునే డిస్‌కార్డ్ యాప్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ పేరు చివరి నాలుగు అంకెల పద్ధతిని 2023లో తీసేసి ఒక్కొక్కరికి ఒక్కటే యూజర్‌నేమ్ ఇచ్చారు, కాబట్టి మీ యూజర్‌నేమ్ తెలిస్తే మిమ్మల్ని వెతకడం తేలిక. సెట్టింగుల్లో రెండు చోట్ల చూడండి: మీరు ప్రస్తుతం ఏ ఆట ఆడుతున్నారో చూపించే యాక్టివిటీ స్టేటస్, ప్రొఫైల్ మీద కనిపించే ఇతర అకౌంట్ల లింకులు. రెండోదాన్ని ఆపకపోతే ముందు చేసిన పనంతా వృథా అవుతుంది.

అన్నిచోట్లా ఒకే పేరు వాడాలా అని చాలామంది అడుగుతారు. దీనికి రెండు సమాధానాలున్నాయి. సరదాగా ఆడేవారు, ముఖ్యంగా పిల్లలు, ఆట పేరును ఇన్‌స్టాగ్రామ్ పేరుతో కలపకూడదు. ఒకే పేరును సెర్చ్‌లో కొడితే బడి వార్షికోత్సవం ఫోటో దాకా దారి దొరుకుతుంది. టోర్నమెంట్లలోకి వెళ్ళాలని, స్ట్రీమ్ చేయాలని గట్టిగా అనుకున్నవారు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధంగా, అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే బొమ్మ, ఒకే చిన్న పరిచయం పెట్టుకోవాలి, ఎందుకంటే టీములోకి తీసుకునేవారు మీ పేరు పట్టుకుని మీ లెక్కను వెతుకుతారు. అటువంటివారు కుటుంబానికీ స్నేహితులకూ వేరే అకౌంటు ఉంచుకోవాలి.

ర్యాంకును రాసే తీరులో నిజాయితీ కావాలి. వాలరెంట్‌లో ఐరన్ నుంచి రేడియంట్ వరకు తొమ్మిది మెట్లున్నాయి. ఒకప్పుడు వారం రోజులు ఇమ్మోర్టల్‌లో ఉండి ఇప్పుడు డైమండ్‌లో ఆడుతున్నవారు ‘డైమండ్, అత్యధికం ఇమ్మోర్టల్’ అని రెండూ రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కొనుక్కున్న అకౌంట్ల విషయం వేరు. పాత యజమాని మెయిల్‌తోనో ఫోన్‌తోనో దాన్ని తిరిగి తీసుకునే ప్రమాదం ఒక వైపు, పై ర్యాంకు పెట్టుకుని మొదటి రౌండ్లోనే తడబడితే స్క్వాడ్ ముందు పోయే పరువు ఇంకో వైపు. మరొక హెచ్చరిక: ‘పెయిడ్ కస్టమ్ రూమ్‌లు నడుపుతాను’ అని, అంటే డబ్బు కట్టించుకుని మ్యాచ్‌లు పెడతానని, బయోలో రాసుకున్నవారు వెంటనే తీసేయాలి. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

పిల్లల ప్రొఫైల్‌ను పెద్దలు వాళ్ళ వెనక నుంచి కాకుండా పక్కన కూర్చుని సరిచేయాలి. బీజీఎంఐ 2021 జులైలో విడుదలైనప్పుడే 18 ఏళ్ళలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి, పెద్దల ఫోన్ నంబరుతో అనుమతి పెట్టింది. వయసు దాచి ఆడితే ఆ రక్షణ పోతుందని పిల్లలకు విడమరచి చెప్పాలి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. చాట్‌లను, ఆ వ్యక్తి ప్రొఫైల్‌ను, ఐడీ నంబరును స్క్రీన్‌షాట్ తీసి ఉంచిన తరువాతే బ్లాక్ చేయాలి, ముందు బ్లాక్ చేస్తే ఆధారం దొరకడం కష్టమవుతుంది.

చివరగా బయో. మా వాడి పాత బయోలో పుర్రె బొమ్మ, ఒంటరి వేటగాడి వాక్యం, తరగతి, సెక్షన్, ఇన్‌స్టాగ్రామ్ పేరు ఉండేవి. కొత్తదానికి వాడే రెండు వాక్యాలు రాశాడు: ‘సపోర్ట్ ఆడతాను. తెలుగు, హిందీ మాట్లాడతాను, తిట్టను.’ బడి పేరున్న క్లాన్‌లోంచి బయటికి వచ్చి, స్నేహితులను నేరుగా ఫోన్ చేసి కొత్త పేరు చెప్పి, ఆటలో పేరు మార్చుకోవడానికి ఇచ్చే రీనేమ్ కార్డు వాడి ‘పిడుగు’ అయ్యాడు. కొత్త పేరు కుదురుకోవడానికి వారం పట్టింది. ఆ వారాంతంలో నేను మళ్ళీ వెళ్ళినప్పుడు గదిలోంచి ఎవరో పిల్లవాడి గొంతు స్పీకర్‌లో వినిపించింది: ‘పిడుగూ, ఎడమ పక్క పొగ వెయ్, నేను లేపుతా!’ వంటింట్లో దోసెలు వేస్తున్న అక్క ఆ పేరు విని నా వైపు చూసి, మళ్ళీ పెనం మీదికి వంగింది.